జోకోవిచ్ పేరులో పోయిన గీత

టెన్నిస్ స్కోరుబోర్డు మీద జోకోవిచ్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసే ఉంటారు. చివర్లో ఉండేది ఉత్త 'సి'. సెర్బియన్ రాతలో దాని నెత్తిన చిన్న గీత ఉంటుంది. గీత ఉంటే దాదాపు మన చిలకలోని చ, లేకపోతే చాపలోని చ. ఉన్నది ఉన్నట్టు చదివితే ఆయన జోకోవిత్స్ అయిపోతాడు.

సెర్బియాలో చాలామంది ఫోన్‌లో రోజూ రాసుకునేది ఇలాగే. గీతలు తీసేసిన ఈ రాతకు వాళ్లు పెట్టుకున్న పేరు 'ఒషిషానా లాటినిత్సా', అంటే జుట్టు కత్తిరించిన లాటిన్. ఇక్కడ లాటిన్ అంటే భాష కాదు, ఇంగ్లిష్ రాసే లాంటి అక్షరాల లిపి. మన మాటలో బోడి లాటిన్.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పట్టేవి. గీత ఉన్న చ ఒక్కటి పడినా ఆ హద్దు 70కి దిగిపోయేది. సెర్బియన్‌కున్న రెండో లిపి, రష్యన్ అక్షరాల్లాంటి సిరిలిక్‌లో రాసినా అంతే, తెలుగులో రాసినా అంతే. మిగిలిన ముక్క రెండో మెసేజ్‌గా వెళ్లేది, దానికి మళ్లీ డబ్బులు. జేబు చూసుకుని జనం గీతలు వదిలేశారు. ఆ లెక్కలు పోయినా అలవాటు మిగిలిపోయింది.

నష్టం చిన్నదేమీ కాదు. 'కుచా' అంటే ఇల్లు. గీత తీసేస్తే 'కుత్సా', అంటే తలుపు తడుతున్నాడని. కుక్కపిల్లను ముద్దుగా పిలవడానికీ అదే మాట. 'రేచి' అంటే మాటలు, గీత లేకపోతే 'రేత్సి', చెప్పు అని. ఒక శబ్దానికి ఒకే అక్షరం అన్న పట్టుదలతో భాషా సంస్కర్త వూక్ కరాజిచ్ 1818 నిఘంటువులో సిరిలిక్‌ను కుదిర్చిన భాష ఇది. అందులో ఇల్లూ కుక్కపిల్లా ఒకే రాతలోకి వచ్చేశాయంటే నాకు బాధగానే ఉంటుంది.

2006 రాజ్యాంగం సిరిలిక్‌ను అధికార లిపి చేసింది. దాని రక్షణకు 2021లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. కానీ ఈమెయిల్, పాస్‌వర్డ్ కొట్టాలంటే ఎలాగూ లాటిన్ కీబోర్డు కావాలి. సిరిలిక్‌కు ఇంకొకటి, ఇంగ్లిష్‌కు మరొకటి. గ్లోబు బొమ్మ నొక్కుతూ మూడింటి మధ్య తిరగలేక మనిషి ఒక్కదానితోనే సర్దుకుంటాడు. ఇంగ్లిష్ కీబోర్డు మీదే ఉండిపోతే ఆటో కరెక్ట్ సెర్బియన్ మాటలను ఇంగ్లిష్ మాటలుగా మార్చేస్తుంది, అది ఇంకో తలనొప్పి.

లాటిన్‌లో కొట్టి మెషీన్‌తో సిరిలిక్‌లోకి మార్చుకోవచ్చు కదా అంటారు. లాటిన్‌లో 'ఎన్', 'జె' పక్కపక్కన వస్తే మామూలుగా అది ఒకే శబ్దం, మన ఞ. కానీ 'ఇన్యెక్త్సియా', అంటే ఇంజెక్షన్‌లో, అవి రెండు వేర్వేరు శబ్దాలు. అక్షరాలు మాత్రమే చూసే మెషీన్ రెంటినీ కలిపేసి తప్పు రాస్తుంది. మాట తెలియాలి, అక్షరం తెలిస్తే చాలదు.

మనకూ ఈ అవస్థ కొత్త కాదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కళ్లు, కల్లు, కాళ్లు ఒకేలా కనిపిస్తాయి. అయితే మన ఆ రాతకు నియమమే లేదు. వాళ్ల లాటిన్ బడిలో నేర్పే సొంత లిపి, సిరిలిక్‌తో అక్షరానికి అక్షరం సరిపోయేది. అందుకే అక్కడ గీత పోవడం అంటే ఉన్న లిపి అరిగిపోవడం.

నన్నడిగితే చట్టంకన్నా ముందు బాగుపడాల్సింది కీబోర్డు. గీతలున్న ఐదు అక్షరాలూ నొక్కిపట్టి వెతుక్కునే పని లేకుండా నేరుగా ఎదురుగా ఉండాలి. బోడిగా కొట్టినా పక్క మాటలు చూసి ఫోనే గీత పెట్టాలి. 'రేపు కొత్త ఇంటికి మారుతున్నాం' అని కొడుతున్న మనిషికి సూచనల వరుసలో ముందు ఇల్లు కనిపించాలి, కుక్కపిల్ల కాదు.