ఫిల్టర్ కాఫీ గారికి, నా గుండె తరఫున

మహారాజశ్రీ ఫిల్టర్ కాఫీ గారి సముఖానికి, విశాఖపట్నం నుంచి తమ పాత ఖాతాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా స్టీలు గ్లాసులో, నురగ చెదరకుండా, క్షేమమని తలుస్తాను.

మొన్న ఆదివారం తెల్లారగట్ల ఐదింటికి తమర్ని ఒక గ్లాసుడు పుచ్చుకుని, బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టాను. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా బాగానే ఉంది. అక్కడ పసుపు టీషర్టు కుర్రాడొకడు, కనీసం నావైపు చూడను కూడా చూడకుండా, నన్ను దాటేశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. చేతి వాచీకి గుర్తుంది. గుండె వేగం నిమిషానికి 171 అని చూపించి గిలగిలా కొట్టుకుంది. నా వయసు 46. 220 లోంచి వయసు తీసేసే ఆ కాకిలెక్కలో నా గుండెకు హద్దు 174.

ఇంటికొచ్చి అంకె చూపించగానే మా ఆవిడ తీర్పు చెప్పేసింది. "పొద్దున్నే అంత చిక్కటి డికాషన్ పోసుకుంటే గుండె కొట్టుకోక ఏం చేస్తుందండీ?"

నేనూ తమర్నే అనుమానించాను. క్షమించాలి. అందుకే రోజు విడిచి రోజు తమర్ని మానేసి చూశాను. అదే దారి, అదే వేగం, కిలోమీటరుకు ఏడు నిమిషాలు. తమరున్న రోజుల్లో 139, 141. లేని రోజుల్లో 140, 142. (లేని రోజుల్లో వచ్చిన తలనొప్పి వేరే ఖాతాలో రాశాను.) ఒక్కడి లెక్క ఏం లెక్క అంటారేమో, పరిశోధనల్లోనూ చాలావరకు ఇదే తేలింది. ఒకే వేగంతో, మరీ ఆయాసపడకుండా పరుగెడుతున్నప్పుడు తమలోని కెఫీన్ వల్ల గుండె వేగం పెద్దగా మారదు. ఒక్కోసారి కాస్త తగ్గుతుంది కూడా. రక్తపోటు మాత్రం కొంచెం ఎక్కుతుంది.

కాబట్టి తమరు నిర్దోషులు. అదే నా బాధ.

ఒళ్లు పనిచేసే కొద్దీ అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. మెదడులో దాని సీటు దానికుంటుంది. అందులో అది కూర్చుంటేనే "అలిసిపోయావు, ఇక ఆగు నాయనా" అన్న కబురు మనకు చేరుతుంది. తమరేం చేస్తారు? సంక్రాంతి రద్దీలో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేసినట్టు, ఆ సీటు పట్టేస్తారు. పాపం అడినోసిన్ రాజాం దాకా కడ్డీ పట్టుకుని నిలబడే. కాళ్లు మొత్తుకుంటూనే ఉంటాయి, కబురు అందదు. వేగం పెంచింది నేను, గుండెను తరిమింది నేను. తమరు పక్కనుండి "మీకేం బాబూ, కుర్రాడిలా ఉన్నారు" అన్నారు, అంతే. ఎన్నికల్లో ఓడిన ప్రతి నాయకుడి వెనకా ఇలాంటివాడు ఒకడుంటాడు.

అడినోసిన్‌ను తక్కువ చేయకండి. ఒక రకం దడతో గుండె అదుపు తప్పితే ఆసుపత్రిలో దాన్నే సూదిమందుగా ఇచ్చి దారిలో పెడతారు. దాన్ని ఎక్కించి గుండె స్కానింగ్ చేయాలంటే ముందే కాఫీ, టీ మానేసి రమ్మంటారు. తువ్వాలు సంగతి డాక్టర్లకు తెలుసు. (దడ జబ్బు ఉన్నవాళ్లు నా ఉత్తరాన్ని కాదు, డాక్టర్లను అడగాలి.)

తమ పాత చరిత్రా చూశాను. ఒకప్పుడు ఒలింపిక్ ఆటగాళ్లకు ఒక మోతాదు మించితే తమరు నిషిద్ధం. 2004లో ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ ఆ జాబితాలోంచి తీసేసింది గానీ నిఘాలో మాత్రం ఉంచింది. రౌడీషీటు ఎత్తేసినా పండగ ముందు స్టేషన్‌కు పిలిచినట్టన్నమాట.

ఇక మోతాదు. ఆటగాళ్లకు పనికొచ్చేది కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్ అంటారు. నా 74 కిలోలకు 222 నుంచి 444. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది, రోజుకు 300 దాటకూడదు. అంటే నేను ఛాంపియన్‌లా పరుగెత్తాలంటే తెల్లారేసరికే రోజు కోటాలో దాదాపు ముప్పావు వంతైనా మింగేయాలి. సాయంత్రం జిమ్‌కు ముందు తాగుదామంటే, ఆరింటికి దిగిన తమరిలో సగం పదకొండింటికి కూడా నా నెత్తురులోనే తిరుగుతుంటారు. ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ పడుకోవడం నాకు చేతకాదు.

తమర్ని మానేస్తానని బెదిరించను. నమ్మరు. రేపటికి ఒక్కటే మనవి. సబ్‌మెరైన్ దగ్గర పసుపు టీషర్టు కనబడగానే ఆ తువ్వాలు ఒక్క రెండు నిమిషాలు తీసి ఒళ్లో పెట్టుకోండి. ఆ నిలబడ్డ పెద్దమనిషి ఏదో చెప్పాలని చూస్తున్నాడు.

ఇట్లు,
తమ డబరా కింద తడి గుండ్రం తుడిచేవాడు