ఇండియన్ వెల్స్ గారికి ఒక నేతిబీరకాయ లేఖ

ఇండియన్ వెల్స్ టెన్నిస్ టోర్నమెంటు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మార్చి వచ్చిందంటే మిమ్మల్ని 'ఐదో గ్రాండ్‌స్లామ్' అనేవాళ్లు ఎక్కువైపోతారు. మీరూ వద్దన్న పాపాన పోలేదు. అసలు నాలుగూ మెల్‌బోర్న్, పారిస్, లండన్, న్యూయార్క్‌లలో క్షేమంగానే ఉన్నాయి. అక్కడ మగాళ్లు ఐదు సెట్లు ఆడి కాళ్లీడ్చుకుంటూ బయటికొస్తారు. మీ దగ్గర మూడే. పైగా 96 మంది డ్రాలో 32 మంది సీడెడ్ ఆటగాళ్లకు, అంటే ర్యాంకుల్లో పైనున్నవాళ్లకు, ఒక్క బంతి కొట్టకుండానే రెండో రౌండులో పీట వేస్తారు. పెళ్లికి ఆలస్యంగా వచ్చి మొదటి బంతిలోనే కూర్చునే చుట్టాల్లాగా.

పేరులో బావులున్నాయి కదా అని చూస్తే ఊరు కాలిఫోర్నియా ఎడారిలో. ఎప్పుడో కహుయిల్లా ఆదివాసులు తవ్వుకున్న బావి అది. ఇప్పుడు చుట్టూ గోల్ఫ్ మైదానాలు.

సరే, అసలు గొడవ మీ కోర్టుతో. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, మీ హార్డ్ కోర్టులో హార్డ్ అంత. పైన పూసే అక్రిలిక్ రంగులో ఇసుక కలుపుతారు. అది ఎంత గరుకైతే బంతిని అంత పట్టి ఆపుతుంది. మీరెంత ఉదారంగా కలిపారో గానీ, ఎడారి పొడిగాలిలో బాణంలా వచ్చిన బంతి కూడా నేల తగలగానే భుజాల ఎత్తుకు లేచి దిక్కులు చూస్తుంది. 2023లో రష్యా ఆటగాడు మెద్వెదెవ్ మ్యాచ్ మధ్యలోనే అంపైర్ దగ్గర గోల పెట్టాడు, దీన్ని హార్డ్ కోర్టు అనడానికి సిగ్గుండాలని. బాత్‌రూమ్ బ్రేక్‌కు వెళ్తూ, ఈ కోర్టు ఎంత నెమ్మదో తానూ అంత నెమ్మదిగా కానిచ్చి వస్తానన్నాడు. అంత తిట్టినవాడు ఫైనల్ దాకా వెళ్లాడనుకోండి, అది వేరే సంగతి. 2025లో ప్లెక్సిపేవ్ అనే పాత పూత తీసేసి లేకోల్డ్ అనే కొత్త పూత వేయించారు. ఊదారంగు మాత్రం వదల్లేదు.

మీకు మీరే పెట్టుకున్న ముద్దుపేరు 'టెన్నిస్ ప్యారడైజ్'. దాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవి తేనెటీగలు. 2024లో అల్కరాజ్, జ్వెరెవ్ క్వార్టర్ ఫైనల్ మొదలై చెరో గేమ్ గెలిచారో లేదో, గుంపు దిగింది. అల్కరాజ్ రాకెట్ ఊపాడు. అది ఫోర్‌హ్యాండూ కాదు, బ్యాక్‌హ్యాండూ కాదు. ఒకటి నుదుటి మీద కుట్టేసరికి తల కప్పుకుని ఒకటే పరుగు. మీ కోర్టు మీద అంత వేగం నేను చూసింది అప్పుడే. తేనెటీగలు మాత్రం తీగల మీద వేలాడే కెమెరాకు తాపీగా పట్టాయి. ఒకాయన వచ్చి, తొడుగులేమీ లేకుండానే వాటిని వాక్యూమ్‌తో పీల్చేశాడు. స్టేడియమంతా చప్పట్లు. ఆట ఆగింది దాదాపు రెండు గంటలు.

స్వర్గం మాటెత్తారు కాబట్టి ఇంకొకటి. ఇది నవ్వుతూ రాయలేను. 2001లో చెల్లెలు సెరెనాతో ఆడాల్సిన సెమీఫైనల్‌కు కాసేపటి ముందు వీనస్ విలియమ్స్ గాయంతో తప్పుకుంది. ఆ కోపమంతా మీ ప్రేక్షకులు ఫైనల్లో చెల్లెలి మీద తీర్చుకున్నారు. 19 ఏళ్ల సెరెనా తప్పు కొడితే కేరింతలు, గెలిస్తే గేలి. కప్పు తీసుకుని వెళ్లిన మనిషి మళ్లీ మీ గడప తొక్కలేదు. 2015లో తిరిగొచ్చినప్పుడు అదే స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె ఏడ్చేసింది.

14 ఏళ్లండీ. మీ కోర్టు మీద బంతి కూడా అంతకంటే తొందరగానే వస్తుంది.

ఇట్లు,
బంతి ఎప్పుడు వస్తుందా అని చూస్తున్న ఒక ప్రేక్షకుడు