పూర్వజన్మ పాపం గారికి, మర్రిగూడ వైపు నుంచి

మహారాజశ్రీ పూర్వజన్మ పాపం గారికి,

నిన్న మధ్యాహ్నమంతా ప్రవచనంలో మీ ఘనతే విన్నాం. స్వామివారు ముందు వరుసలో ఉన్న మా చిన్నాయన వైపు చెయ్యి చూపించి, "పోయిన జన్మలో చేసింది ఈ జన్మలో నడుం వంచి అనుభవించాల్సిందే" అన్నారు. జనం తలలూపారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు కీళ్లు బిగిసి మెడ తిరగని మా చిన్నాయన కూడా ఊపబోయాడు. అప్పటినుంచి నాకు అన్నం సహించట్లేదు.

చిన్న సందేహాలు, కోపగించుకోకండి. పాపాత్ములందరినీ ఏరికోరి మా నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడులోనే ఎందుకు పుట్టించారు? అవే బోరు నీళ్లు తాగిన ఎడ్లకూ కీళ్లు బిగుసుకున్నాయి, అవి ఎవరి కొంప ముంచాయి?

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా రాతినేల అంతకు ఎన్నో రెట్లు కలిపి పోసింది. దాన్ని తీసేందుకు నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్. బకెట్లో కలిపితే అడుగుకు దిగే పాపం ఏ పురాణంలో ఉందో అడుగుదామంటే, మైకు ఆయన చేతిలోనే ఉంది.

గుమ్మానికి కట్టే నిమ్మకాయల జోలికి రాను. వాస్తు పేరుతో మా తూర్పు కిటికీ మూయించినా సర్దుకున్నాం. పేచీ మీతోనే. మీరొచ్చి కూర్చుంటే ఇక తప్పు ఎవరిదీ కాదు, ఏళ్లకేళ్లు నీళ్లివ్వని సర్కార్లది అసలే కాదు. 1996లో నల్గొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీకి దిగి బ్యాలెట్ పేపర్ను పుస్తకం చేసింది నీళ్ల కోసమే. పాపమే కారణమైతే నామినేషన్లెందుకు, శాంతిపూజ చేయించుకునేవాళ్లం.

మా నాయనమ్మ మిమ్మల్ని నమ్ముకునే పోయింది. ఎవరూ ఏమీ చెప్పని రోజుల్లో ఆమెకు ఏదో ఒక జవాబిచ్చారు, దానికి మిమ్మల్ని తిట్టను. కానీ ఇప్పుడు కారణం చిన్నపిల్లలకు కూడా తెలుసు కదా! తెలిసీ, మైకు పెట్టి, మనిషి ముఖం మీదే చెప్పిస్తావా? సిగ్గు లేదా నీకు?

ప్రవచనాలు ఇంకా ఉన్నాయట. రేపు మా పాత బోరు నీళ్లు ఓ బిందెడు పట్టుకొస్తున్నా. స్వామివారి గొంతు ఎండినప్పుడు ఆ మినరల్ వాటర్ సీసా పక్కన పెట్టి ఇవే పోస్తా. ఆయన ఖాతాలో పాపం లేదు కదా, తాగమను.

ఇట్లు,
చిన్నాయన అన్న కొడుకు