మ్యాప్‌లో రంగు లేకపోతే పులి లేనట్టేనా?

పులులు ఎక్కడున్నాయో చూపే ఆ మ్యాప్ ఈ వారంలో నా ఫోన్‌కు ఐదోసారి వచ్చింది. చంద్రపూర్, ఆసిఫాబాద్ జిల్లాల మీద ఎర్ర గళ్ళు, కింద నాలుగు మాటలు. పులుల్ని లారీల్లో తెచ్చి వదిలారట. ఎర్ర గడిలో పడిన ఊళ్ళను ఖాళీ చేయిస్తారట. పులుల్ని లెక్కించడానికి అడవిలో పెట్టే కెమెరాల వెలుగుకు పులి వస్తుందట. రంగు లేని చోట పులి లేదట, తెల్లవారుజామునే ఇప్పపూలకు వెళ్ళొచ్చట. పంపేది ఎవరో కాదు, మా బల్లార్షాలో చదువుకున్న వాళ్ళే.

వెలుగు చూసి పులి రాదు. కానీ కెమెరాల మీద ఒక కోపం న్యాయమే. అడవికి వెళ్ళిన ఆడవాళ్ళ ఫోటోలూ వాటిలో పడతాయి. వాటిని ఎవరు చూస్తున్నారని అడిగే హక్కు మనకుంది.

జాతీయ పులుల గణనలో ఒక్కో గడి 100 చదరపు కిలోమీటర్లు. అందులో ఒక మూల పాదముద్ర దొరికినా గడి మొత్తానికి రంగు వేస్తారు. అది ఊరు ఖాళీ చేయమనే నోటీసు ఎలా అవుతుంది?

లారీలెందుకు? 2019లో మెడకు రేడియో కాలర్ (ఎక్కడ తిరుగుతోందో తెలిపే పట్టీ) వేసిన వాకర్ అనే మగపులి యవత్మాల్ జిల్లా టిపేశ్వర్ అభయారణ్యం నుంచి బయల్దేరి, ఆదిలాబాద్ వైపు కూడా తిరిగి, బుల్దానా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. మూడు వేల కిలోమీటర్లకు పైగా నడిచింది. పులుల్ని అసలు తరలించరని నేను అనను. 2024లో మన చంద్రపూర్ జిల్లా తాడోబా అడవి నుంచి రెండు ఆడపులుల్ని ఒడిశాలోని సిమ్లిపాల్ అడవికి తీసుకెళ్ళారు. అంటే ఇక్కడికి తేలేదు, ఇక్కడి నుంచే పంపారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది నాలుగో మాట. రంగు లేదంటే అక్కడ ఎవరూ వెతకలేదేమో, వెతికిన రోజున గుర్తు దొరకలేదేమో. రెండేళ్ళు దాటిన మగపులి తల్లిని వదిలి సొంత జాగా కోసం పత్తి చేలలోంచి, వాగుల వెంట, ప్రాణహిత ఈది కూడా పోతుంది. అది మ్యాప్ చూసి నడుస్తుందా? ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, మనవాళ్ళు చీకటితోనే వెళ్ళి వంగి ఏరుతారు. తునికాకు కోసేటప్పుడూ అంతే. 2025 మేలో చంద్రపూర్ జిల్లాలోనే సిందేవాహి దగ్గర తునికాకుకు వెళ్ళిన ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కరోజే పులికి బలయ్యారు. ఇది తెలిసీ ఆ మాట ఎలా పంపుతారు?

మొన్న రాజురా దగ్గర మా చిన్నత్త ఫోన్ నా చేతికిచ్చి, "మన ఊరికి రంగు లేదు కదరా, నాలుగింటికే పోనా?" అని అడిగింది. వద్దని ఒప్పించడానికి గంట పట్టింది. ఆ మెసేజ్ పంపిన వాళ్ళు ఇప్పుడే దాన్ని తీసేసి, అదే గ్రూపులో ఇది పెట్టండి: బాగా తెల్లారాక, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి.