బీరువాలో ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ గారికి

అయ్యా,

హనుమకొండలో మా అమ్మ బీరువాలో, పట్టుచీరల పక్కన, తువ్వాలు చుట్టుకొని తమరు క్షేమమని తలుస్తాను.

అమెరికాలో, డాలస్‌లో సోఫా మీద, కారులో, చివరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా పనిచేసిన తమరు, ఇక్కడ మూత తెరవగానే ‘ఈ దేశం నుంచి అనుమతి లేదు’ అన్నారు. ఐదు నిమిషాల్లో కంపెనీ సెక్యూరిటీ వాళ్ల ఫోన్. అప్పటికి నేను అమ్మతో సకినాలు చుడుతున్నాను. చేతికి నువ్వులు కలిపిన బియ్యప్పిండి, ఫోన్ మోచేత్తో ఎత్తాను.

“అదే డబ్బా, అదే కొడుకు. కరెంటు సుత పోతలేదు. మరేందిరా?” అన్నాడు బాపు.

వీసా అడ్డమనుకున్నా. లాయరు నవ్వాడు. నాకున్న హెచ్1బీ ఉద్యోగ వీసా అమెరికాలో చేసే పనికే, ఇండియాలో చేసే పనితో దానికి సంబంధం లేదట. కంపెనీ భయమంతా పన్నుదట. నేనిక్కడ కూర్చుని పనిచేస్తే అమెరికా కంపెనీకి మా మేడ గదిలో వ్యాపార స్థావరం ఉన్నట్టు ఆదాయపన్ను శాఖ అనుకోవచ్చు. బాపు పైకెళ్లి గది చూసొచ్చాడు. పాడైన కూలరు, రెండు ఉల్లిగడ్డ బస్తాలు. “గిది బ్రాంచా?” అన్నాడు.

మామూలు ఉద్యోగి రెండు వారాలుంటే చూసీచూడనట్టు పోతారు. వీసావాడు ఎప్పుడు తిరిగొస్తాడో వాడికే తెలీదు. పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర కోసం అమెరికా కాన్సులేట్‌లో నా ఇంటర్వ్యూ డిసెంబర్ ఆఖర్లో ఉండేది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ వాళ్లకూ సోషల్ మీడియా ఖాతాల తనిఖీ మొదలైంది, నా తేదీ మే నెలకు పోయింది. అమెరికా బయటున్న రోజులు హెచ్1బీ ఆరేళ్ల గడువు లెక్కలోంచి తీసేయించుకోవచ్చని లాయరు ఓదార్చాడు. అద్దె తీసుకునే డాలస్ ఇంటి ఓనరుకు ఆ సౌకర్యం తెలిసినట్టు లేదు.

ఏ వీసా లాటరీ, ఏ ముద్రా లేకుండా నేను పనిచేసుకోగల నా సొంత దేశం ఇది. తమరు మొరాయించిందీ ఇక్కడే. 150 కిలోమీటర్ల అవతల గచ్చిబౌలిలో మన కంపెనీ ఆఫీసే ఉంది. నా పనే చేస్తారు, నాకన్నా తక్కువ జీతానికి. వాళ్ల ల్యాప్‌టాప్‌లకు మాత్రం తెలంగాణ గాలి బాగా పడుతుంది.

సకినాలు మూడు డబ్బాలయ్యాయి. ఒకటి ఆ ఫోన్ చేసిన పిల్లగాడికని అమ్మ పక్కన పెట్టింది. మే దాకా మెత్తబడకుంటే తెస్తాను.

ఇట్లు,
సెలవులు అయిపోయిన తమ విధేయుడు