గొంతు ముందు, మినార్ తర్వాత

మసీదు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది మినారే, కానీ ప్రవక్త కాలంలో మదీనాలో ఉన్న మసీదుకి అసలు మినారే లేదు. నమాజ్‌కి జనాన్ని ఎలా పిలవాలి, గంట కొడదామా, కొమ్ము ఊదుదామా అని రకరకాలుగా అనుకుని చివరికి మనిషి గొంతే చాలనుకున్నారు, ఆ పని బానిసత్వం నుంచి బయటపడిన బిలాల్‌కి అప్పగించారు, ఆయన పక్కనున్న ఇంటి కప్పెక్కి పిలిచేవారని చెప్తారు. అంటే గొంతు ముందొచ్చింది, దానికోసం ఎత్తు తర్వాతొచ్చింది. మినార్లని ఎప్పుడు చూసినా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

ఒక మనిషి పైకెక్కి నిలబడాలి, అంతే కదా అవసరం, దానికి ఒక్కో చోట ఒక్కోలా ఎంత ఆలోచించారో చూడండి. ట్యునీషియాలో కైరవాన్ మినార్ నలుచదరంగా, బరువుగా, కోటబురుజులా ఉంటుంది. ఇరాక్‌లో 9వ శతాబ్దపు సమర్రా మినార్ 52 మీటర్లు, పైకెళ్లే దారి బయటే పాములా చుట్టుకుంటూ వెళ్తుంది. స్పెయిన్‌లో సెవిల్ మినార్ లోపల మెట్లకి బదులు ర్యాంపులు కట్టారు, గుర్రం మీద కూడా ఎక్కేయొచ్చు, ఇప్పుడది చర్చి గంటల గోపురం. టర్కీలోని ఎదిర్నెలో 1575లో పూర్తయిన సెలిమియె మసీదైతే మరీను, పెన్సిల్ లాంటి సన్నటి మినార్లు, వాటిలో కొన్నిట్లో మూడు బాల్కనీలకి మూడు వేరువేరు మెట్లదారులు, ఎక్కేవాళ్లు ఒకరికొకరు ఎదురుపడరు! ఒట్టోమన్ సుల్తాన్ల ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ కట్టాడు దాన్ని.

అన్నీ గొంతు కోసమే కట్టారని కూడా అనలేం. కుతుబ్ మినార్ 72.5 మీటర్లు, అంత పైనుంచి అరిస్తే కిందకి మాట సరిగ్గా చేరుతుందా, అది ఎక్కువగా గెలుపు చాటుకోడానికే అని నాకనిపిస్తుంది.

నమాజ్‌కి పిలిచే ఆ పిలుపు, అంటే అజాన్ విషయానికొస్తే, వాయిద్యం ఉండదు, తాళం ఉండదు, మాటలు దాదాపు మారవు, రాగం మాత్రం పిలిచే మనిషిది. టర్కీలో ఐదు పూటలకీ ఐదు మకామ్‌లు, అంటే మన రాగాల్లాంటివి, వాడే సంప్రదాయం ఉంది, తెల్లారుజామున సబా అనే మకామ్, అది విన్నవాళ్లకి తెలుస్తుంది ఎంత దిగులుగా, మెత్తగా ఉంటుందో. తెల్లారుజామున ఇచ్చే ఫజర్ అజాన్‌లో మాత్రమే "నిద్ర కన్నా నమాజ్ మేలు" అన్న మాట వస్తుంది, నిద్రపోయేవాళ్లని లేపుతూ చెప్పే మాట కాబట్టి దాన్ని గద్దించినట్టు పలికితే అసలు బాగోదు. ఇంకో సంగతి, అజాన్ పలికే మౌజన్ ఒక్కో వాక్యం అయ్యాక కాసేపు ఆగుతాడు. ఊపిరి కోసమే కాదు, విన్నవాళ్లు ఆ మాటని తమలో తాము తిరిగి అనుకోడానికి. నన్నడిగితే అజాన్ అందంలో సగం ఆ ఆగడంలోనే ఉంది.

మైక్ వచ్చాక మౌజన్ మెట్లెక్కడం మానేశాడు, మినార్ స్పీకర్లు తగిలించే స్తంభం అయిపోయింది. కైరోలో 2010లో ఒకే గొంతుని రేడియోలో మసీదులకి పంపడం మొదలుపెట్టారు, గోల తగ్గించాలన్న ఉద్దేశం అర్థమౌతుంది, కానీ గోల గొంతులు ఎక్కువై రాలేదు, సౌండ్ ఎక్కువై వచ్చింది. పది మసీదుల నుంచి పది గొంతులు కాస్త ముందూ వెనకా కలుస్తుంటే వినడానికి ఎంత బాగుంటుంది, అదే ప్రతి స్పీకరూ ఫుల్ వాల్యూమ్‌లో పెడితే మధ్యలో ఆగిన ఆ ఖాళీలోకి పక్క స్పీకర్ హోరొచ్చి దూరుతుంది. ఆంప్లిఫయర్‌కి పెట్టే ఖర్చులో కొంతైనా మౌజన్‌కి రాగం, ఉచ్చారణ నేర్పించడానికి పెడితే సౌండ్ తగ్గించమని ఎవరూ వచ్చి అడగక్కర్లేదు, ఆ గొంతు వినబడాలని వాళ్లే కిటికీ తీసుకుంటారు.