తొమ్మిదో నెలలో కూడా తీసేస్తారట!

పొద్దున ఇంటి గ్రూపులో, మధ్యాహ్నం డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, రాత్రికి హన్మకొండలోని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, మూడు చోట్లా ఒకటే మెసేజ్. 'కొత్త చట్టం వచ్చింది, ఇక తొమ్మిదో నెలలో కూడా అబార్షన్ చేస్తారు. అమెరికాలో పుట్టిన పిల్లల్నే చంపేస్తున్నారు. ఇప్పటి అమ్మాయిలు సరదా తీరాక ఆరో నెలలో మనసు మార్చుకుంటున్నారు. భర్త సంతకం లేకుండా చేస్తే పోలీసు కేసు. ఒకసారి తీయించుకుంటే మళ్లీ పిల్లలు పుట్టరు. ఇదంతా ఆడపిల్లల్ని వదిలించుకోవడానికే. అందరికీ పంపండి.' నాలుగోసారి మా చిన్నమ్మ పంపింది. మూడుసార్లు ఊరుకున్నాను, ఇక నా వల్ల కాదు.

వీళ్లు కొత్త చట్టం అంటున్నది 1971 నాటి అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ. 20 వారాల దాకా ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు ఒప్పుకోవాలి, అదీ అందరికీ కాదు: అత్యాచారం జరిగినవాళ్లు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వికలాంగులు, బిడ్డలో తీవ్రమైన లోపం బయటపడ్డవాళ్లు, ఇలా కొందరికే. 24 దాటితే బిడ్డలో పెద్ద లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదికొస్తే మాత్రం వారాల లెక్క లేదు. బహుశా ఆ ఒక్కటి పట్టుకునే తొమ్మిదో నెల అని రాసి ఉంటారు. అంటే ఏం చేయాలి మరి, ఆమె పోతుంటే డాక్టరు క్యాలెండర్ తీయాలా?

అమెరికా సంగతి రెండు ముక్కల్లో. పుట్టిన బిడ్డను చంపితే అక్కడా హత్య కేసే. 21 వారాలు, ఆపైన జరిగే అబార్షన్లు అక్కడ నూటికి దాదాపు ఒకటి. ఇక మళ్లీ పిల్లలు పుట్టరన్న మాట: సరైన చోట సరిగ్గా చేస్తే అలాంటిదేం లేదు.

ఇప్పుడు ఆ 'సరదా తీరాక' దగ్గరికి వస్తాను. నాకు ఒళ్లు మండింది దీనికే.

బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. గుండె గదుల్లాంటివి అంతకు ముందు సరిగా కనపడవు. ఏటూరునాగారం అవతలి ఊరి నుంచి ఒకామె 20వ వారంలో బస్సెక్కి వచ్చి స్కాన్ చేయించుకుంటుంది అనుకోండి. 'గుండెలో ఏదో తేడా ఉంది, పెద్ద దవాఖానలో చూపించండి' అంటారు. హైదరాబాద్ పోవాలి, అపాయింట్‌మెంట్ దొరకాలి, డబ్బులు సర్దుకోవాలి. అక్కడ ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపితే పూర్తి రిపోర్టుకు రెండు మూడు వారాలు. పైగా వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి, అంటే కడుపు పడకముందే రెండు వారాలు ఆమె ఖాతాలో వేసేశారు. రిపోర్టు చేతికొచ్చేసరికి 24 దాటుతుంది. అప్పటికి బిడ్డ కదలికలు తెలుస్తుంటాయి, పుట్టింటివాళ్లు సీమంతానికి చీర కూడా కొని పెట్టి ఉంటారు. అవును చిన్నమ్మా, పాపం ఆమెకు సరదా తీరిపోయి ఉంటుంది.

ఇంకో ఆలస్యం ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల, తెలిసినవాడే పాడుచేస్తే, భయానికి నోరు విప్పదు. పొట్ట కనిపించాక తల్లికి తెలుస్తుంది. వారాలు దాటాక హైకోర్టు దాకా పోయే కేసుల్లో ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లనూ కలిపే కదా మీరు ఆ మెసేజ్‌లో నవ్వే బొమ్మ పెట్టింది?

భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. 18 నిండితే ఆమె సంతకం ఒక్కటే, మైనరైతే గార్డియన్‌ది. పెళ్లికానివాళ్లకూ 24 వారాల దాకా హక్కుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ చట్టం వేరు, రిసెప్షన్ కౌంటర్ వేరు. నాకు తెలిసిన ఒకామె భర్త దుబాయ్‌లో ఉంటాడు. ఒక ప్రైవేటు దవాఖానవాళ్లు 'ఆయన సంతకం లేనిదే కుదరదు' అని నాలుగు రోజులు తిప్పి, చివరికి వీడియో కాల్‌లో ఆయన తల ఊపితే ఒప్పుకున్నారు. ఇలాంటి మెసేజ్‌లు తిరిగితే ఆ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లూ అదే చట్టమనుకోరా?

ఆడపిల్లల మాట మాత్రం కొట్టిపారేయలేను. 1994లో చేసిన చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరమే అయినా, దొంగచాటు స్కానింగుల వార్తలు మన జిల్లా పేజీల్లోనే చదువుతున్నాం. మొదటిది ఆడపిల్ల అయితే రెండోసారి అత్తగారింట్లో ఏం గుసగుసలు నడుస్తాయో నాకూ తెలుసు. అయితే ఆ బేరం చేసేవాడు మెడికల్ బోర్డు ముందు దరఖాస్తు పెట్టడు, దొడ్డిదారిన పోతాడు. వాడిని తిట్టాలంటే చెప్పండి, నేనూ వస్తాను.

చిన్నమ్మా, వదినకు వచ్చే వారమే టిఫా. ఆమె కూడా ఈ గ్రూపులోనే ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఫోన్ ఆఫ్‌లో ఉందట, ఇంకా చూడలేదు. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కడం రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, చెప్తాను.